పైరుకు పురుగే కాపలా

బెంగళూరు నగరానికి తూర్పున ఉన్న వర్తూరు ఒకప్పుడు చెరువు కింద సాగుతో బతికిన ఊరు. నేడు దాని చుట్టూ ఎత్తయిన భవనాలు లేచాయి. పొలాలు కుంచించుకుపోయాయి. అయినా ఆ ప్రాంతంలో ఇంకా అక్కడక్కడా ఆకుకూరలు, కూరగాయలు, పూలు పండుతూనే ఉన్నాయి. పెరడు ఉన్న ఇంట ఒక బొప్పాయి చెట్టో, మందార మొక్కో, కరివేప చెట్టో కనిపిస్తుంది. ఒకనాటి ఉదయం ఆ బొప్పాయి ఆకు అడుగున ఎవరో పిండి చల్లినట్లు తెల్లని పూత కనిపించిందనుకుందాం. ఇంటివారికి వెంటనే తోచేది అంగడికి వెళ్లి మందు తెచ్చి కొట్టాలని. ఆ తెల్లని పూత ఏమిటి, దానిని తినే ప్రాణి ఏదైనా అక్కడే ఉన్నదా అనే ప్రశ్న నూటికి ఒకరికైనా తోచదు. పైరు రక్షణ ఆ ప్రశ్నతోనే మొదలు కావాలి.

తెలుగులో 'మందు' అనే మాట విచిత్రమైనది. రోగిని బతికించేదీ మందే, పురుగును చంపేదీ మందే. పేరు ఒకటే కావడం వల్ల పైరుకు మందు కొట్టడం కూడా రోగికి వైద్యం చేయడం వంటిదేనని లోకం భావిస్తుంది. కాని వైద్యుడు ముందు నాడి చూస్తాడు, రోగం ఏమిటో తెలుసుకొంటాడు, ఆ తరువాతనే మందు ఇస్తాడు. పొలంలో మాత్రం నాడి చూడకుండానే మందు పడుతున్నది. అది శత్రువును, మిత్రుని వేరు చేయదు. పైరును తినే పురుగుతోపాటు, ఆ పురుగును తినే పురుగునూ చంపుతుంది.

పురుగు అనగానే అసహ్యించుకోవడం, భయపడడం చాలామందికి అలవాటు. నిజానికి పొలంలో తిరిగే కీటకాలలో పైరుకు కీడు చేసేవి కొన్ని మాత్రమే. కొన్ని పూలలో పుప్పొడిని చేరవేసి కాయలు కాయిస్తాయి. కొన్ని రాలిన ఆకులను తిని మట్టిని సారవంతం చేస్తాయి. మరికొన్ని తోటి పురుగులనే తిని బతుకుతాయి. ఈ చివరి రకం వాటినే శాస్త్రజ్ఞులు 'సహజ శత్రువులు' అంటారు. పైరు తినే పురుగుకు అవి శత్రువులు, కాబట్టి రైతుకు మిత్రులు. వాటిని గుర్తించి, కాపాడి, అవసరమైతే పెంచి పొలంలో వదిలి పురుగులను అదుపులో ఉంచడమే జీవనియంత్రణ. ముల్లును ముల్లుతోనే తీయాలన్న పెద్దల మాటకు పొలంలో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

సహజ శత్రువులలో ముఖ్యంగా మూడు తెగలు ఉన్నాయి. మొదటి తెగ పరభక్షకాలు. ఇవి పురుగులను వేటాడి తింటాయి. సాలెపురుగు, తూనీగ, గొల్లభామ, అక్షింతల పురుగు ఈ తెగకు చెందినవి. ఎర్రని వీపు మీద నల్లని చుక్కలతో ముచ్చటగా కనిపించే అక్షింతల పురుగు తన జీవితకాలంలో వందలాది పేనుబంక పురుగులను తినగలదు. గురివింద గింజను పోలి ఉండడం చేత దీనిని కన్నడంలో 'గులగంజి హుళ' అంటారు. రెండవ తెగ పరాన్నజీవులు. ఇవి చాలావరకు అతి చిన్న కందిరీగలు. ఇవి మరొక పురుగు శరీరంలోనో, గుడ్డులోనో తమ గుడ్లు పెడతాయి. లోపల పుట్టిన పిల్ల ఆ పురుగునే తిని పెరిగి, చివరకు చిన్న రంధ్రం చేసుకొని బయటకు వస్తుంది. మూడవ తెగ పురుగులకు రోగాలు కలిగించే సూక్ష్మజీవులు. శనగపచ్చ పురుగుకు సోకే ఎన్.పి.వి. అనే వైరస్ వీటిలో ఒకటి. ఎండకు దాని శక్తి తగ్గుతుంది కాబట్టి దానిని సాయంకాలం వేళ చల్లుతారు.

ఈ మూడు తెగలకు తోడు, పెంచి వదిలే పద్ధతి ఒకటి ఉన్నది. ట్రైకోగ్రామా అనే కందిరీగ అర మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. అది రెక్కల పురుగుల గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. ఆ గుడ్డు నుంచి గొంగళిపురుగు రావడానికి బదులు మరో కందిరీగ వస్తుంది. అంటే పైరును కొరకక ముందే పురుగు ముగిసిపోతుంది. ప్రయోగశాలలో ధాన్యపు నూకల మీద బియ్యపు పురుగును పెంచి, దాని గుడ్లను అట్టముక్కకు అంటించి, వాటిలో ఈ కందిరీగలచేత గుడ్లు పెట్టిస్తారు. ఆ అట్టముక్కలను ముక్కలుగా కత్తిరించి ఆకుల అడుగున గుచ్చుతారు. రైతులు వీటిని ట్రైకోకార్డులు అంటారు. కొద్ది రోజులలో వాటి నుంచి వేల కందిరీగలు లేచి పొలమంతా వెదుకుతాయి. మనిషి కంటికి కనిపించని గుడ్డును ఆకు ఆకునా వెదికే కూలివాడు మరెక్కడ దొరుకుతాడు?

ఇటువంటి కూలీలను చేజేతులా చంపుకొంటే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ పత్తి రైతు అనుభవించి తెలుసుకొన్నాడు. 1980ల మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో కొత్త రకపు మందులను పదేపదే చల్లారు. కాయతొలుచు పురుగులు మొదట తగ్గినట్లే కనిపించాయి. కాని అంతవరకు లెక్కలోకి రాని తెల్లదోమ ఒక్కసారిగా విజృంభించింది. దానిని తిని అదుపులో ఉంచిన పురుగులు మందుకు చనిపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. 1997–98లో వరంగల్లు జిల్లాలో పత్తి మళ్లీ పురుగు పాలైంది. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. ఎన్నో కుటుంబాలు యజమానులను పోగొట్టుకొన్నాయి. ఆ విషాదానికి కారణాలు అనేకం. వర్షం, విత్తనం, ధర, వడ్డీ అన్నీ అందులో ఉన్నాయి. మందును తప్ప మరి దేనినీ నమ్మకూడదని రైతుకు అలవాటు చేసిన తీరు కూడా వాటిలో ఒకటి.

ఇది ఒక్క తెలుగు నేలకు పరిమితమైన కథ కాదు. ఇండొనేషియా దేశంలో వరి పైరును సుడిదోమ నాశనం చేస్తున్నప్పుడు ప్రభుత్వం మందులను చవకగా రైతులకు అందజేసింది. మందు ఎంత పడితే దోమ అంత పెరిగింది. చేలలోని సాలెపురుగులు మందుకు చావడం, కాండంలో దాగిన దోమ గుడ్లు మాత్రం బతకడం అందుకు కారణమని శాస్త్రజ్ఞులు నిరూపించారు. 1986లో ఆ దేశం వరిపై 57 రకాల మందుల వాడకాన్ని నిషేధించింది. చేనులో పురుగులను గుర్తించడం రైతులకు నేర్పే పాఠశాలలను పొలాల గట్ల మీదనే నడిపింది. అందువల్ల వరి దిగుబడి పడిపోలేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడం ఎంత తెలివితక్కువో ఆ దేశం గ్రహించింది.

ఇప్పుడు వర్తూరు పెరటిలోని బొప్పాయి చెట్టు వద్దకు తిరిగి రావాలి. ఆకు అడుగున కనిపించిన తెల్లని పూత పిండినల్లి అనే పురుగుల గుంపు కావచ్చు. బొప్పాయి పిండినల్లి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలకు చెందినది. మన దేశంలో అది మొదటిసారిగా 2008లో తమిళనాడులోని కోయంబత్తూరు వద్ద కనిపించింది. అచ్చటి నుంచి కర్ణాటకకు, కేరళకు, మహారాష్ట్రకు, ఆంధ్రప్రదేశ్‌కు పాకింది. బొప్పాయిని మాత్రమే అది పట్టుకోలేదు. మల్బరీ, కర్రపెండలం, జామ, మందార, వంగ, పత్తి ఇలా అనేక మొక్కల రసం పీల్చింది. ఆకులు ముడుచుకుపోయాయి. దాని ఒంటి నుంచి కారే తీపి జిగురు మీద నల్లని మసి వంటి బూజు పట్టింది. కాయలు కొనేవారు లేకపోయారు. కొందరు రైతులు తోటలనే నరికివేశారు.

మందులు కొట్టని రైతు లేడు. కాని ఫలితం స్వల్పం. ఈ పురుగు శరీరం మీద మైనపు పొర ఉంటుంది. మందు దానిని దాటి లోపలికి పోవడం కష్టం. దూది వంటి సంచిలో అది వందలాది గుడ్లు పెడుతుంది. తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. మల్బరీ తోటలలో చిక్కు మరీ ఎక్కువ. మందు చల్లిన ఆకును పట్టుపురుగుకు వేస్తే పట్టుపురుగు చనిపోతుంది. కోలారు, రామనగర ప్రాంతాలలో పట్టు మీద ఆధారపడి బతికే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇంటికి మల్బరీ ఆకు మీద పడే మందు కూడా పురుగంత ప్రమాదకరమైనదే.

అప్పుడు శాస్త్రజ్ఞులు అడిగిన ప్రశ్న చాలా సులభమైనది. ఈ పురుగు తన పుట్టినింట ఎందుకు ఇంత ఉపద్రవం కాలేదు? అక్కడ దానిని అదుపు చేసే కందిరీగలు ఉన్నాయి. పురుగు సముద్రాలు దాటి వచ్చింది గాని, దాని శత్రువులు దానితో రాలేదు. కనుక వాటిని కూడా రప్పించాలి. బెంగళూరు హెబ్బాళలోని జాతీయ కీటక సంస్థ అమెరికా వ్యవసాయ శాఖ సహాయంతో 2010లో ప్యూర్టోరికో దీవి నుంచి మూడు జాతుల చిన్న కందిరీగలను తెప్పించింది. వాటిని వెంటనే తోటలలోకి వదలలేదు. బయటకు పోవడానికి వీలులేని గదులలో ఉంచి పరీక్షించారు. పట్టుపురుగు వంటి మేలైన జీవులకు వాటివల్ల హాని లేదని తేల్చుకొన్నారు. తరువాత పెంచి రైతులకు, విశ్వవిద్యాలయాలకు పంచిపెట్టారు.

ఆ మూడింటిలో అసెరోఫేగస్ పపాయే అనే కందిరీగ బాగా నిలదొక్కుకొన్నది. దాని పొడవు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అది పిండినల్లి పిల్లల ఒంటిలో గుడ్డు పెడుతుంది. పిండినల్లి ఎండి డొల్ల అవుతుంది. ఆ డొల్లకు రంధ్రం చేసుకొని కొత్త కందిరీగ ఎగిరిపోయి మరో పిండినల్లిని వెదుకుతుంది. వదిలిన కొద్ది నెలలలోనే అనేక చోట్ల పురుగు ఉద్ధృతి తగ్గిపోయింది. మరుసటి ఏట వాటిని కొత్తగా కొనవలసిన అవసరం రాలేదు. అవి తమంతట తామే పెరిగి, తోట నుంచి తోటకు, ఊరి నుంచి ఊరికి పోయాయి. ఎవరి గట్టు దగ్గరా ఆగలేదు, ఎవరినీ కూలి అడగలేదు.

ఇక్కడ ఆలోచించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉన్నది. మందు సీసాను ప్రతి ఏటా అమ్మవచ్చు. ఒక పురుగు చస్తే మరొక పురుగు లేస్తుంది, దానికి మరో సీసా అమ్మవచ్చు. ఒకసారి వదిలితే తనంతట తానే పెరిగే కందిరీగను రెండవసారి ఎవరికి అమ్మడం? అందుకే దానిని గురించి గోడల మీద ప్రకటనలు కనిపించవు. దానిని పొగిడి అమ్మే దుకాణం ఉండదు. లాభం లేని చోటికి వ్యాపారి రాడు. అది వ్యాపారి తప్పు కాదు, వ్యాపార ధర్మం అంతే. కాబట్టి ఇటువంటి మేలును అందరి సొత్తుగా భావించి, అందరి డబ్బుతో, ప్రభుత్వ సంస్థల ద్వారా నిలబెట్టుకోవాలి. ఎవరికీ లాభం తేలేని మేలును సమాజమే భరించాలి.

కొందరు ఇందుకు అంగీకరించరు. ఎక్కడో ఒక పురుగు వచ్చేదాకా ఈ సంస్థలకు పని ఏమిటి, అంత ఖర్చు ఎందుకు అని వారు అడుగుతారు. దీనికి బెంగళూరు చరిత్రే సమాధానం. సహజ శత్రువులను పరిశోధించే కామన్వెల్త్ సంస్థ తన భారతీయ కేంద్రాన్ని 1957లో ఈ నగరంలో ప్రారంభించింది. 1977లో అఖిల భారత స్థాయిలో జీవనియంత్రణ పరిశోధన పథకం మొదలైంది. 1993లో దానికి ప్రత్యేక డైరెక్టరేట్ ఏర్పడింది. 2009లో అది జాతీయ సంస్థగా మారింది. 2014 నుంచి జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ అని పిలువబడుతున్నది. ఇన్నేళ్లు పురుగులను సేకరించి, పేర్లు తెలిసి, పెంచడం నేర్చిన మనుషులు ఉండబట్టే 2010లో పని నెలలలో పూర్తి అయింది. ఇల్లు అంటుకొన్న తరువాత బావి తవ్వితే నీరు అందదు.

ఆ సిద్ధపాటు మరొకసారి అక్కరకు వచ్చింది. 2020లో కర్రపెండలానికి పట్టే వేరొక పిండినల్లి కేరళలోని త్రిచూరు ప్రాంతంలో కనిపించింది. 1970లలో అది ఆఫ్రికా ఖండంలో కోట్లమంది తిండిని దెబ్బతీసిన పురుగు. హాన్స్ హెరెన్ అనే శాస్త్రజ్ఞుడి నాయకత్వంలో అచ్చట దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన ఒక కందిరీగను 1981 నుంచి వదిలి దానిని అదుపు చేశారు. అందుకు ఆయనకు 1995లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. అదే కందిరీగను బెంగళూరు సంస్థ ఆఫ్రికాలోని బెనిన్ దేశం నుంచి తెప్పించి, పరీక్షించి, 2022లో దక్షిణ భారతంలో వదలడం ప్రారంభించింది. ఒక దేశంలో ప్రజల కోసం చేసిన పరిశోధన నలభై ఏళ్ల తరువాత మరో దేశపు రైతుకు అందింది.

జీవనియంత్రణను పొగడడంతోనే సరిపెట్టుకోకూడదు. దాని మీద వచ్చే ఆక్షేపణలను కూడా న్యాయంగా పరిశీలించాలి. మొదటి ఆక్షేపణ ఆలస్యం. మందు సాయంకాలం కొడితే ఉదయానికి పురుగు రాలిపడుతుంది. కందిరీగ పని చేయడానికి వారాలు, నెలలు పడుతుంది. అప్పు తెచ్చి సాగు చేసిన రైతును అన్నాళ్లు ఓర్చుకొమ్మని గట్టు మీద నిలబడి చెప్పడం సులభం. ఆ ఓర్పు ఖరీదు అతడొక్కడే చెల్లించాలనడం ధర్మం కాదు. ట్రైకోకార్డులు ప్రాణమున్న సరకు. అవి నెలల తరబడి అలమారలో నిలవ ఉండవు. వేళకు, దగ్గరలో దొరకాలి. కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి ఆకులను తినే నల్లతల గొంగళిపురుగుపై వదిలే పరాన్నజీవులను పెంచి రైతులకు అందిస్తున్నది. ఇటువంటి చిన్న కేంద్రం ప్రతి పంట ప్రాంతంలోనూ ఉంటే రైతును ఓర్చుకొమ్మనే హక్కు సమాజానికి కలుగుతుంది.

మందును పూర్తిగా నిషేధించాలని కూడా ఎవరూ మొండిపట్టు పట్టనవసరం లేదు. పురుగుల సంఖ్య పంటకు నష్టం కలిగించే స్థాయికి చేరిందా, వాటి శత్రువులు చేనులో ఎన్ని ఉన్నాయి అని లెక్క చూసి, తప్పనిసరి అయినప్పుడు, తక్కువ హాని చేసే మందును, తగిన మోతాదులో వాడవచ్చు. లెక్క చూడకుండా వాడడమే తప్పు.

రెండవ ఆక్షేపణ మరింత గట్టిది. తెచ్చిపెట్టుకొన్న శత్రువే తలకు చుట్టుకొంటే ఏమి చేయాలి? ఈ భయం ఊహ కాదు. చెరకు పురుగులను తింటుందని 1935లో ఆస్ట్రేలియాకు ఒక జాతి కప్పను తెచ్చారు. అది చెరకు పురుగులను వదిలి కనిపించిన చిన్న ప్రాణులనెల్లా తిన్నది. దాని విషానికి స్థానిక జంతువులు ఎన్నో చనిపోయాయి. నేటికీ ఆ దేశం ఆ కప్పతో బాధపడుతూనే ఉన్నది. కర్ణాటకలోనూ ఇంకొక పాఠం ఉన్నది. గొంగళిపురుగు ఒంటి మీద గుడ్డు పెట్టి దానిని తినే ఊజి ఈగ 1980లో ఈ రాష్ట్రపు పట్టు ప్రాంతాలలో ప్రవేశించింది. అది తినే గొంగళిపురుగు పట్టుపురుగే కావడం వల్ల వేల కుటుంబాలకు అది శత్రువైంది. పురుగును తినే ప్రతి పురుగూ మిత్రుడు కాదు. ఎవరిని తింటుంది, ఎవరిని తినదు అని తెలిసిన తరువాతనే మిత్రుడో కాదో చెప్పగలం. విదేశీ జీవులను ప్రభుత్వ అనుమతితో, మూసిన గదులలో పరీక్షించిన తరువాతనే వదలాలన్న నియమం ఇందుకే ఏర్పడింది. సొంత తెలివితో ఎవరూ ఒక చోటి పురుగును మరొక చోటికి మోసుకుపోకూడదు.

మూడవ మాట వర్తూరు చెరువే చెబుతుంది. ఏళ్ల తరబడి ఆ చెరువును గుర్రపుడెక్క కప్పివేసింది. దానిని తినే ముక్కు పురుగులను 1980ల మొదట్లో అమెరికా నుంచి తెచ్చి బెంగళూరు పరిసరాల చెరువులలో వదిలారు. కొన్ని చెరువులలో డెక్క బాగా తగ్గింది. కాని నగరపు మురుగునీరు చేరే చెరువులో డెక్కకు ఎరువు అందుతూనే ఉంటుంది. పురుగు తిన్నదానికంటె ఎక్కువ వేగంగా అది పెరుగుతుంది. 2015లో వర్తూరు చెరువు నుంచి నురుగు లేచి రోడ్డు మీదికి వచ్చిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. మనిషి చెరువులోకి మురుగు వదులుతూ, దానిని సరిచేసే పనిని పురుగుకు అప్పగిస్తే ఆ పని జరగదు. సహజ శత్రువు సాయం చేస్తుంది గాని, మనిషి తప్పులన్నింటికీ ప్రాయశ్చిత్తం చేయదు.

మందు కొట్టడానికి ఒక్క రైతు చాలు. మిత్ర పురుగులను కాపాడడానికి మాత్రం ఊరంతా కలవాలి. ఒక చేనులో కొట్టిన మందు పక్క చేనులోని సాలెపురుగునూ చంపుతుంది. అందుకే ఈ పద్ధతి ఊరుగా నిర్ణయించుకొన్న చోట బాగా నిలిచింది. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం ఒకప్పుడు పత్తికి విపరీతంగా మందులు వాడి అప్పుల పాలైంది. కొందరు రైతులు మొదట తమ పొలాలలో మందు మానివేసి వేప కషాయం, ఎర పంటలు, పక్షి స్థావరాలు, చేతితో ఏరివేయడం వంటి పద్ధతులు అవలంబించారు. చూసినవారు అనుసరించారు. 2004లో ఆ ఊరు తాను పురుగుమందులు లేని గ్రామమని ప్రకటించుకొన్నది. దానిని చూడడానికి చుట్టుపట్ల గ్రామాల నుంచి రైతులు తరలివచ్చారు. ఒక ఊరు మారితే అది పాఠశాల అవుతుందనడానికి పునుకుల నిదర్శనం.

వీటన్నింటికీ మూలం గుర్తించగలగడం. ద్రాక్ష, బొప్పాయి తోటలలో పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు ఒకటి ఉన్నది. ఆస్ట్రేలియా నుంచి 1898లో ఈ దేశానికి వచ్చింది. దాని పిల్ల తెల్లని మైనపు పోగులతో అచ్చంగా పిండినల్లిలాగే కనిపిస్తుంది. తెలియని రైతు దానిని చూసి పురుగు పెద్దదయిందని బెదిరి, మందు కొట్టి, తన తోటను కాపాడుతున్న దానినే చంపుకొంటాడు. తెలిసిన రైతు దగ్గరగా వంగి చూస్తాడు. పిండినల్లి ఒకచోట అంటుకొని ఉంటుంది, ఈ పిల్ల చురుకుగా నడుస్తుంది. ఆ తేడా తెలిస్తే తోట దక్కుతుంది, మందు ఖర్చు మిగులుతుంది. ఆ తేడా తెలియడానికి పెద్ద చదువు అక్కరలేదు, ఓపికగా చూసే కన్ను చాలు.

అటువంటి కన్ను పిల్లలకు ఉంటుంది. పెద్దలు పట్టించుకోని చిన్న ప్రాణిని పిల్లలు గంటల తరబడి చూడగలరు. పాఠశాల ఆవరణలో ఉన్న నాలుగు మొక్కలే చాలు. పురుగుల పేర్లు ఇంట్లో తెలుగులోనూ, పక్కింట కన్నడంలోనూ అడిగి తెలుసుకోవచ్చు. ఏ పురుగు ఆకును తింటున్నది, ఏది ఆ పురుగును తింటున్నది, రోజుకు ఎన్ని కనిపించాయి అని ఒక నోటు పుస్తకంలో రాసుకోవచ్చు. మందు చల్లిన మొక్కను, దాని సీసాను మాత్రం ముట్టుకోకూడదు. ఇలా చూడడం అలవాటైన పిల్లవాడు రేపు రైతు అయినా, అధికారి అయినా, కూరగాయలు కొనే సామాన్య గృహస్థు అయినా, చూడకుండా మందు కొట్టమని చెప్పడు. ప్రజల డబ్బుతో నడిచే పరిశోధన సంస్థ దండుగ అని కూడా అనడు.

వర్తూరు పెరటిలో ఆ బొప్పాయి ఆకు అడుగున తెల్లని పూత మధ్య గోధుమరంగు డొల్లలు కొన్ని ఉండవచ్చు. వాటికి సూదిమొనంత రంధ్రం ఉంటే, లోపలి కందిరీగ ఎగిరిపోయిందని అర్థం. పని అప్పటికే మొదలైంది. ఆ ఇంటివారు కొద్ది రోజులు ఆగి చూడడం మంచిది.